లిన్నమ్మ ఇంటిపేరు

మొన్న కూతురితో కలిసి మస్కట్ నుంచి సొహార్ పోతూ దారిలో అల్ సువైక్‌లో ఆగాం. మనవరాలికి దాహమేస్తే వెనక డిక్కీలో ఉన్న నీళ్ల సీసా కోసం బండి ఆపారు గానీ, ఆ ఊరు దగ్గర పడుతున్నప్పటి నుంచి ఆపితే బాగుండునని నా మనసు కొట్టుకుంటూనే ఉంది. మిట్టమధ్యాహ్నం. ఆ వేళప్పుడు అక్కడి దుకాణాలన్నీ షట్టర్లు దించుకుని నిద్రపోతాయి, పొద్దువాలే వేళ అసర్ నమాజు అయ్యాక గానీ లేవవు. మేం ఒకప్పుడు కాపురమున్న దుకాణాల వరుస అలాగే ఉంది, రంగు మాత్రం మారింది. మా దర్జీ కొట్టు ఉన్నచోట ఫోన్లు బాగుచేసే బోర్డు, దాని పక్కన లిన్నమ్మ కొట్టు ఉన్నచోట కరక్ చాయ్ హోటల్. ఎండ, దిగొద్దంది కూతురు. నేను దిగాను. ఆ హోటల్ మూసిన షట్టర్ మీద అరచెయ్యి పెట్టాను. కాలింది. లోపలి నుంచి ఎవరైనా పలుకుతారేమోనన్న భయం, పలకరేమోనన్న దిగులు, రెండూ ఒక్కసారే కలిగాయి. మళ్లీ బండెక్కాక, ఎవరి దుకాణమమ్మా అది అని కూతురు అడిగింది. ఒక చైనా ఆమెది అన్నాను. అంతకు మించి చెప్పడానికి సొహార్ దాకా ఉన్న దారి చాలదనిపించింది. మస్కట్ తిరిగొచ్చాక కూర్చుని రాస్తున్నాను.

పెళ్లయిన మరుసటేడు జగిత్యాల దగ్గరి మా పల్లె నుంచి నేను సువైక్ వచ్చాను. నా భర్త రాజేశం అక్కడ ఆడవాళ్ల బట్టలు కుట్టే దర్జీ. ఆయన కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, పెద్దమనిషి. కొత్త పెళ్లాన్ని వదిలి వచ్చిన కుర్రాడి మొహం చూడలేక నాకూ కాగితాలు చేయించాడు. ముందు దుకాణం, వెనక ఒక గది, ఆ వెనక బట్టలారేసుకునేంత జాగా, అదీ మా కాపురం. పొద్దున నేను చాయ్ పెట్టేసరికి ఆయన మిషన్‌కు నూనె పోసి, గుడ్డ పరిచి, సుద్దముక్కతో గీతలు గీస్తూ ఉండేవాడు. అంచులు మడవడం, హుక్కులు, పూసలు కుట్టడం నా పని. కొలతకు ఆదిగా ఇచ్చిన పాత బట్టల మడతల్లోంచి సాంబ్రాణి వాసన వచ్చేది, ఇక్కడి ఆడవాళ్లు బట్టలకు ధూపం పట్టిస్తారు. దానికి మిషన్ నూనె, కొత్త గుడ్డల గంజి, గాలి సముద్రం వైపు నుంచి తిరిగితే ఎండుచేపలు. వీటన్నిటి మీదా తేలుతూ పక్క గోడ వైపు నుంచి ఇంకో వాసన వచ్చేది. వేగుతున్న అల్లం, ఎండురొయ్యలు, సన్నటి అగరుపుల్లలు. అది లిన్నమ్మ ఇల్లు.

లిన్నమ్మ చైనా ఆడమనిషి, అప్పటికే యాభైకి దగ్గర. గుండీలు, లేసులు, ప్లాస్టిక్ పూలు, చాయ్ ఫ్లాస్కులు, పిల్లల చెప్పులు అమ్మేది. భర్తా కొడుకూ దుబాయ్‌లో టోకు వ్యాపారం చూసుకుంటూ, సరుకుతో పాటు వచ్చి పోయేవాళ్లు. ఆమె మాట్లాడేది హిందీ, అరబీ ముక్కలు కలిపిన గల్ఫ్ భాష. వ్యాకరణం ఉండదు, అర్థం మాత్రం ఎక్కడా తప్పదు. నేనిక్కడ దాన్ని తెలుగు చేసి రాస్తున్నాను. మొదటిసారి గుండీల కోసం పోయి పేరడిగితే లిన్ అంది. అమ్మ చేర్చి లిన్నమ్మను చేశాను. చాన్నాళ్లకు గానీ తెలియలేదు, లిన్ ఆమె పేరు కాదు, ఇంటిపేరు. వాళ్లలో ఇంటిపేరు ముందు, మనిషి పేరు తర్వాత. మాలోనూ అంతేనంటే ఆమె నమ్మలేదు. రాజేశాన్ని చూపించి గాజుల రాజేశం అని చెప్పాను. పాస్‌పోర్టులో గాజుల వెనక్కి పోయినందుకు ఊళ్లో సగం మంది ఆయన్ని మిస్టర్ గాజుల అని పిలిచేవాళ్లు. అది విని చాలాసేపు నవ్వింది. మరి నీ ఇంటిపేరో అని అడిగింది. పెళ్లికి ముందు చిలువేరు, ఇప్పుడు గాజుల అన్నాను. ఆమె నవ్వు ఆగిపోయింది. చైనాలో పెళ్లయినా ఆడదాని ఇంటిపేరు మారదట. మొగుడు చెన్, కొడుకు చెన్, తను చచ్చేదాకా లిన్.

ఇంటిపేర్ల సంగతి ఎత్తితే లిన్నమ్మకు బేరాలు కూడా గుర్తుండేవి కావు. మామూలు జనాన్ని వాళ్ల భాషలో 'పాత వంద ఇంటిపేర్లు' అంటారట. నిజానికి వందకు ఎన్నో రెట్లు ఉన్నాయి గానీ, కోట్లాది మంది కొద్ది పేర్లలోనే ఇరుక్కుని బతుకుతారు. ఉత్తరాదిన ఎటు చూసినా వాంగ్, లీ, జాంగ్ పేర్ల వాళ్లేనట. తన సముద్రపు సీమ ఫుజియెన్‌లో మాత్రం 'చెన్, లిన్ కలిస్తే సగం లోకం' అని సామెత. అక్కడి చెన్‌లే ఓడలెక్కి మలేషియా పోయి టాన్‌లయ్యారు. రాసే అక్షరం ఒకటే, పలికే నోరు వేరు. కొందరికి పోయిన రాజ్యం పేరు ఇంటిపేరైంది, కొందరికి తాత చేసిన కొలువు పేరు. మా చిలువేరు కూడా ఎక్కడిదో ఊరి పేరేనని నేనన్నాను. లిన్ అంటే అడవి. పూర్వం ఒక రాజు మంచి చెప్పిన మంత్రిని చంపిస్తే, కడుపుతో ఉన్న అతని భార్య అడవిలోకి పారిపోయి చెట్ల నడుమ కొడుకును కన్నదట. తర్వాతి రాజు ఆ పిల్లవాడికి అడవినే ఇంటిపేరుగా ఇచ్చాడు. ఈ కథ చెప్పి, నేను బాగుందంటుంటే, లేసు చుట్టను బల్ల మీద పెట్టి నెమ్మదిగా అంది. "బాగుంటుంది. కానీ ఆ అడవి నాది కాదు, సుజాతా."

ఆమె పాలుతాగే పిల్లగా ఉన్నప్పుడు ఎవరో ఒకామె లిన్ వాళ్ల వాకిట్లో వదిలిపెట్టి పోయింది. లిన్ ఇంటి ఇల్లాలికి కాన్పులో పిల్ల పోయి, పాలు మాత్రం మిగిలాయి. ఆ సంగతి తెలిసిన మనిషే తెచ్చి వదిలి ఉంటుంది. ఇంతకంటే ఇంకేమీ పెంచిన తల్లి చెప్పలేదు. ఎన్నిసార్లు అడిగినా, లిన్ల అన్నం తిన్నావు, లిన్‌వే అని ఒకటే జవాబు. కన్నవాళ్లెవరో, వాళ్ల ఇంటిపేరేమిటో తెలియకుండానే ఆమెకు పెళ్లయింది, దేశాలు దాటింది. అందుకే కొట్టుకు చైనా మనిషి ఎవరొచ్చినా ముందు చాయ్ పోసి ఇంటిపేరు, ఊరు అడిగేది. వాళ్లు చెప్తుంటే వాళ్ల చెవులు, కనుబొమలు చూస్తుండేది. వాళ్లు వెళ్లిపోయాక కప్పులు కడిగి బోర్లించేది.

ఆ ఎండాకాలంలో మా నాయన పోయాడు. పొలం నుంచి వచ్చి మంచం మీద ఒరిగాడట, అంతే. నేను కడుపుతో ఉన్నాను, పోలేకపోయాను. నాకు అన్నదమ్ములు లేరు. దూరపు బంధువెవరో కొరివి పెట్టాడని ఫోన్లో చెప్పారు. పెద్దల అమావాస్యకు నాయన పేరు మీద బియ్యం ఇయ్యాలత్తా అని నేను ఊరికి ఫోన్ చేసి అడిగితే, మా అత్తమ్మ కోపంగా ఏమీ అనలేదు, మామూలుగానే చెప్పింది. "ఇంటిపేరు మారినంక పుట్టింటి పెద్దలతోని మనకేం పని బిడ్డా. నువ్విస్తే ఆల్లకు అందది." అందది అన్న ఆ మాటే నా చెవిలో ఉండిపోయింది. నాయన చేయి చాపుతున్నట్టు, ఇస్తున్నది ఆ చేతికి తగలకుండా కింద పడుతున్నట్టు ఎప్పుడూ కళ్లముందు కదిలేది.

మధ్యాహ్నాల చప్పుడు ఆ రోజుల్లోనే మొదలైంది. అన్నాలయ్యాక రాజేశం చాప మీద పడుకుంటే ఒళ్లు తెలిసేది కాదు. బయట రోడ్డు మీద పిల్లి కూడా తిరగదు. ఆ నిశ్శబ్దంలో షట్టర్ మీద ఎవరో అరచేత్తో తట్టేవాళ్లు. గట్టిగా కాదు, ఇంట్లోవాళ్ల నిద్ర చెడుతుందేమోనని మొహమాటపడుతూ తట్టినట్టు. మొదటిసారి లేచిపోయి పక్క తలుపు తీసి చూశాను. ఎండ తప్ప ఎవరూ లేరు. మా ఊళ్లో మిట్టమధ్యాహ్నం ఒంటరిగా బయటికి పోవద్దని మా నాయనమ్మ ఎందుకనేదో అప్పుడు గుర్తొచ్చింది. గాలి అన్నాడు రాజేశం. ఇనుము ఎండకు సాగి అట్లా చప్పుడు చేస్తుందని కూడా అన్నాడు. అయ్యుండవచ్చు. కానీ ఒకరోజు లిన్నమ్మ బల్ల మీద పూసలు ఏరుతూ తలెత్తకుండా, నీకూ వినిపిస్తుందా అని అడిగింది. ఏమిటని నేనడగలేదు. తల ఊపాను. నా కోసం వస్తున్నారు అని ఆమె అంది. తట్టేది మా నాయనేనని నేననుకున్నాను. ఇద్దరం ఇంక ఆ మాట ఎత్తలేదు, కానీ ఆ రోజు నుంచి మధ్యాహ్నం నేను గదిలో పడుకోలేకపోయేదాన్ని. పని సంచీ తీసుకుని వెనక దారిన ఆమె దగ్గరికి పోయేదాన్ని. తట్టినప్పుడు ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం.

రాఖీ పున్నం వచ్చింది. మాకు అన్నలకు రాఖీ కట్టే రోజు, ఆ ఏడు వాళ్లకు అదే పున్నమి ఆకలి దయ్యాల పండుగ. దిక్కులేని వాళ్లూ, పేరుపెట్టి పిలిచేవాళ్లు లేని వాళ్లూ ఆ నెలంతా తిరుగుతుంటారట. పొద్దు వాలుతుండగా లిన్నమ్మ వెనక జాగాలో పీట వేసి అన్నం, వేయించిన చేప, కోడి, దానిమ్మ పళ్లు, చాయ్ పెట్టింది. అగరుపుల్లలు పట్టుకుని లిన్ పెద్దలను ఒక్కొక్కరినీ పిలిచింది. చెన్ పెద్దలను పిలిచింది. తర్వాత ఇంకో మూడు పుల్లలు వెలిగించి, పెదవులు తెరిచి, అలాగే నిలబడిపోయింది. పుల్లలు చివరిదాకా కాలి బూడిద ఆమె వేళ్ల మీద పడింది. ఎవరని పిలవాలి అంది నాతో. కనీసం మంచి తిండైనా పెట్టలేకపోతున్నానని ఏడ్చింది. వాళ్ల సీమలో పంది మాంసం లేకుండా పెద్దలకు పెట్టరు. సువైక్‌లో అదెక్కడ దొరుకుతుంది? ప్రతి ఏడూ ఈ లోటుకు క్షమాపణ అడుగుతుందట, పేరు తెలియని వాళ్లను.

ఆ తర్వాత కొద్ది రోజులకు దుబాయ్ నుంచి కొత్త సరుకుల మనిషి వచ్చాడు. బక్కపలచని వయసు మళ్లిన వ్యాపారి, లిన్నమ్మ సీమవాడే. నేను అక్కడే కూర్చుని లంగా అంచు కుడుతున్నాను. అలవాటు ప్రకారం చాయ్ పోసి ఇంటిపేరు అడిగింది. దింగ్ అన్నాడు. చాలా మంది ఉన్నారా అంటే, మా పల్లె నిండా మేమేనన్నాడు. నాకు కూడా అర్థం కావాలని గల్ఫ్ భాషలోకి మారి, దుకాణం బయట పోతున్న ఒమానీ ముసలాయన్ని చూపించి నవ్వుతూ చెప్పాడు. "మా మొదటి తాత వీళ్లలాంటి వాడేనంటారు. అరబ్బు దేశం నుంచి ఓడలో వచ్చాడట. పేరు చివర దీన్ అని ఉండేది. తల పోయి తోక మిగిలింది, అదే దింగ్." ఇప్పుడు మేమూ అందరిలాంటి చైనా వాళ్లమేనన్నాడు. అందరిలాగే అన్నీ తింటాం, ఒక్కటి మాత్రం మిగిలింది, పెద్దలకు పెట్టేటప్పుడు పంది మాంసం పెట్టం. ఎందుకో చిన్నప్పుడు మాకూ తెలియదు, పెట్టొద్దని ముసలివాళ్లు అనేవాళ్లు.

లిన్నమ్మ చేతిలో ఫ్లాస్కు ఉంది. దాన్ని కింద పెట్టడానికి బల్ల ఎక్కడుందో కనబడనట్టు చేయి తడుముకుంది. వ్యాపారి వెళ్లాక చెప్పింది. చిన్నప్పుడు పండుగ రోజుల్లో పెంచిన తల్లి ఇంటి ముందు పెద్దలకు పంది మాంసంతో అన్నీ వడ్డించేది. ఆ తర్వాత ఎవరూ చూడకుండా వెనక గడప దగ్గర ఒక చిన్న గిన్నె పెట్టేది. అందులో అన్నం, ఆల్చిప్పల మాంసం, ఇంకేమీ ఉండేది కాదు. పంది కొవ్వు తగిలిన గరిటె కూడా ఆ గిన్నెకు తగలనిచ్చేది కాదు. ఎవరికని అడిగితే పిల్లికి అనేది. పిల్లిని ఆ గిన్నె దగ్గరికి రానివ్వడం మాత్రం తనెప్పుడూ చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ కార్డు గీకి నంబర్లు కొట్టింది. భయంగా ఉంది, పక్కన కూర్చోమంది. పెంచిన తల్లికి అప్పటికి తొంభై దగ్గర. వాళ్ల భాష నాకు తెలియదు. లిన్నమ్మ మొదట గట్టిగా, తర్వాత మెల్లగా, తర్వాత ఏమీ మాట్లాడకుండా విన్నది. అవతల ముసలి గొంతు ఆగి ఆగి వస్తోంది. కార్డులో డబ్బులైపోయి లైను తెగిపోయాక కూడా రిసీవర్ చెవికే పెట్టుకుని ఉంది. ఆ తర్వాత నాకు చెప్పింది. తనను వదిలిపోయిన రోజు మిట్టమధ్యాహ్నం ఎవరో తలుపు తట్టారట. తీసేసరికి గడపలో పిల్ల, సందు మలుపులో ఒకామె. ఆమె వెనక్కి తిరిగి, మా పెద్దలకు పంది మాంసం పెట్టం, పిల్లకు చెప్పు అని మాత్రం అని వెళ్లిపోయింది. పిల్లకు చెప్పలేక, ఆ మాట తీసెయ్యలేక, ఇన్నేళ్లూ ఆ గిన్నె తనే పెట్టింది ముసలమ్మ.

మరి ఇంటిపేరో అన్నాను నేను.

"అడగలేదట," అంది లిన్నమ్మ. "అడిగితే తెలిసిపోయేది, తెలిస్తే నిన్ను తిరిగి ఇవ్వాల్సి వచ్చేది, అందుకే నోరు మూసుకున్నాను అంది అమ్మ."

అయితే ఆమె దింగ్‌ల బిడ్డేనా అని అడిగితే, ఆ చుట్టుపక్కల గువో ఇంటిపేరు వాళ్లలో కూడా ఇదే ఆచారముందని వ్యాపారి తర్వాత చెప్పాడు. వాళ్లూ ఓడల్లో వచ్చిన తాతల పిల్లలమనే చెప్పుకుంటారట. రెండు ఇంటిపేర్లు, ఎన్నో పల్లెలు. తను వెతికిస్తానన్నాడు, ఇప్పుడు రక్తం పరీక్షలున్నాయి, తేలితే వంశంలో కూడా కలుపుకుంటారన్నాడు. అప్పుడు లిన్నమ్మ ఏమంటుందోనని నేను ఆమె వైపు చూశాను. ఆ పేరు కోసం ఆమె ఎన్ని కప్పుల చాయ్ పోసిందో నాకు తెలుసు. వద్దంది. మా అమ్మ ఇన్నేళ్లు దేనికి భయపడిందో అది ఆమె బతికుండగా జరగనివ్వనంది.

ఆ సాయంత్రం ఇద్దరం సముద్రపు ఒడ్డుకు నడిచాం. జాలర్లు పడవలు లాక్కుంటున్నారు. లిన్నమ్మ చెప్పులు విడిచి నీళ్లు కాళ్లకు తగిలేచోట నిలబడింది. ఆ తాత ఏ రేవులో ఓడెక్కాడో ఎవరికి తెలుసు, అరబ్బు తీరం ఇదొక్కటే కాదు. అయినా ఆమె చాలాసేపు అటే చూసి అంది. "వాళ్లు నన్ను వెతుక్కుంటూ వచ్చారనుకున్నాను సుజాతా. నేనే వాళ్ల వాకిట్లోకి వచ్చి కూర్చున్నానేమో."  కడుపులో పిల్ల కదిలింది. పోదాం పద అన్నాను.

తర్వాతి పున్నమికి వెనక జాగాలో మళ్లీ పీట వేసింది. ఈసారి చేప, అన్నం, పళ్లు పెట్టి క్షమాపణ అడగలేదు. మూడో పుల్లల కట్ట వెలిగించి, దింగ్ పెద్దల్లారా, గువో పెద్దల్లారా, మీలో నావాళ్లెవరో వాళ్లు తినండి, కానివాళ్లు కూడా తినండి అని పిలిచింది.

అది చూశాక నేను ఊరుకోలేకపోయాను. పెత్తరమాస, అదే పెద్దల అమావాస్య, ముందురోజు రాజేశంతో చెప్పాను, మా నాయన పేరు మీద బియ్యమిస్తానని. ఆయన కత్తెర పక్కన పెట్టాడు. తర్వాత లేచి బజారుకు పోయి బియ్యం, పప్పు, గుమ్మడికాయ, చింతపండు, బెల్లం తెచ్చాడు. మరునాడు ఇళ్లు కట్టే సైట్ నుంచి మెట్‌పల్లి ముసలాయన ఒకరిని వెంటబెట్టుకొచ్చాడు. మల్లయ్య అని మేస్త్రీ, మా వైపు వాళ్లంతా తాత అనేవాళ్లు. ఆయన కాళ్లు కడుక్కుని తూర్పు మొహంగా కూర్చుని, కండువా పరిచాడు.

"ఎవల పేరు మీదనమ్మా?" అన్నాడు.

"చిలువేరు నర్సయ్య. మా నాయిన."

ఆయన రాజేశం వైపు ఒకసారి చూశాడు, నా వైపు చూశాడు. "కొడుకులు లేరా?"

"లేరు తాతా."

"ఉన్నవు గద," అని కండువా నా ముందుకు జరిపాడు. నేను దోసిలితో బియ్యం పోశాను. పెళ్లయ్యాక చిలువేరు అన్న మాట నా నోటి నుంచి బయటికి రావడం అదే మొదలు. వెనక గుమ్మంలో లిన్నమ్మ నిలబడి ఉంది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా పోసేదాకా కదలలేదు. మా అత్తమ్మకు రాజేశమే ఫోన్లో చెప్పాడు. ఆమె ఒక నెల నాతో సరిగా మాట్లాడలేదు, తర్వాత మాట్లాడింది.

ఆ పైన షట్టర్ చప్పుడు ఆగిందా అని అడిగితే నేను చెప్పలేను. చలికాలం వచ్చింది, పిల్ల పుట్టింది, మధ్యాహ్నాలకు నిశ్శబ్దం లేకుండా పోయింది. పిల్లకు నడకొచ్చేనాటికి లిన్నమ్మ పెంచిన తల్లి మంచాన పడిందని కబురొచ్చింది. కొట్టు కొడుకుకు అప్పగించి వెళ్లింది. కొన్నాళ్లకు ఒకసారి ఫోన్ చేసింది. తల్లి పోయిందట. చివరి రోజుల్లో మనుషులను గుర్తుపట్టలేదు. పక్కన కూర్చుని గంజి తాగిస్తున్న కూతురి చేయి పట్టుకుని, పరాయి ఆడమనిషిని అడిగినట్టు మర్యాదగా, మీది ఏ ఇల్లమ్మా అని అడిగిందట. "మీ ఇల్లేనన్నాను," అంది లిన్నమ్మ. అయితే మంచిదే అని ముసలమ్మ గంజి తాగిందట. తల్లి పోయాక ఊళ్లో వాళ్లు, ఇంక ఆ వ్యాపారి చేత కన్నవాళ్లను వెతికించుకోవచ్చు కదా అన్నారట. ఇప్పుడెందుకు, దింగ్‌లనూ గువోలనూ ఇద్దరినీ పిలవడం అలవాటైపోయిందని చెప్పిందట. ఆ తర్వాత కొడుకు కొట్టు ఎత్తేశాడు, మేం మస్కట్ మారాం, నంబర్లు మారాయి.

మా కాలంలో మనిషిని పేరు అడిగాక ఎవరి బిడ్డవని అడిగేవాళ్లు. ఇప్పుడు మస్కట్‌లో మా మెట్ల మీద కలిసేవాళ్లు ఏ ఫ్లాట్ అని అడుగుతారు. నా మనవరాలి పాస్‌పోర్టులో ఇంటిపేరుండాల్సిన చోట వాళ్ల నాన్న పేరుంది. చిలువేరు, గాజుల రెండూ ఆ పిల్లకు పాత కథలో మాటలు. దాన్ని నేను తప్పు పట్టను. పేర్లు మోయడం ఎంత బరువో చూసినదాన్ని. రాజేశం పోయాక పెత్తరమాస పని నా మీదే పడింది. కూతురు వండిపెడుతుంది, నేను పేర్లు చదువుతాను. మా నాయన, అమ్మ, మా అత్తమ్మ, మామయ్య, రాజేశం. ఆ తర్వాత లిన్నమ్మ గుర్తొస్తుంది. ఉంటే ఆమెకు ఇప్పుడు ఎనభైకి దగ్గర. బతికున్న మనిషిని పెద్దల్లో కలిపి పిలవకూడదు, ఆయుష్షు తగ్గుతుందంటారు. పోయిన మనిషిని పిలవకపోతే ఆకలితో తిరుగుతుందని ఆమే చెప్పింది. ఈ ఏడు కూడా ఆమె పేరు దగ్గర నా నోరు ఆగిపోయింది.